ఏడు పెట్టెల కోసం మోసిన వరుసలు

స్క్రాగ్ దీవి, మెయిన్
నవంబరు 3

హాలిస్ బ్రాండ్‌వోల్డ్ గారికి,

మీరు నన్నెరుగరు. మొన్న మంగళవారం దాకా నేనూ మిమ్మల్ని ఎరగను. నా పేరు వెర్లిన్ థర్లో. యాభై ఏళ్లు లాబ్‌స్టర్లు పట్టాను. మోకాళ్లు మొరాయించాక పడవ అమ్మేసి ఇప్పుడు మా అమ్మాయి నోరీన్ వంట తింటూ, దానికి వంకలు పెడుతూ కాలక్షేపం చేస్తున్నాను. చదువు ఎనిమిదో తరగతితో సరి. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

సంగతేమిటంటే, సంతోషం పట్టలేకపోతున్నాను! మా బడి టీచరమ్మ మీరు రాసిన హ్యాండ్‌లైన్ ప్రోగ్రాం పిల్లలకు చూపిస్తూ, అందులో ఒకచోట మా నోరీన్ పేరు ఉందని కనిపెట్టింది. పరుగున వచ్చి కాగితం మీద అచ్చు తీసి ఇచ్చింది. నాకు అర్థమైన ముక్క ఒక్కటే: ‘పాత కెర్నెల్‌లో ఈ సదుపాయం లేదు, దాని బదులు ఇలా చేయాలి. నోరీన్ థర్లో, స్క్రాగ్ దీవి.’ తొమ్మిదేళ్ల కిందట రాసిందట! తొమ్మిదేళ్లుగా ఒకే బల్ల మీద తింటున్నాం, ఒక్క ముక్క చెప్పలేదు.

మా ఊళ్లో స్తంభాలకు బిగించిన ఏడు పెట్టెలున్నాయి. ఒకటి అందుకున్న కబురు ఇంకోటికి అందిస్తూ అవతలి ఒడ్డు దాకా చేరుస్తాయి. పడవ వస్తుందో రాదో, నర్సు ఎప్పుడొస్తుందో, అన్నీ వాటి మీదే. వాటిని నడిపేది మీ ప్రోగ్రాం అనీ, అది ప్రపంచమంతటా ఉందనీ టీచరమ్మ చెప్పింది. అంటే మా అమ్మాయి రాసిన ముక్క ప్రపంచమంతటా నడుస్తోందన్న మాట! కృతజ్ఞతలు చెప్పుకుందామని, ఆ కాగితం అడుగున మీ చిరునామా కనబడితే రాస్తున్నాను. నోరీన్‌కి తెలియనివ్వకండి. ఫిబ్రవరి తొమ్మిదిన దాని పుట్టినరోజు, అప్పటిదాకా గుట్టు.

మీ
వెర్లిన్ థర్లో


డులూత్, మిన్నెసోటా
నవంబరు 20

థర్లో గారికి,

మీ ఉత్తరం అందింది. ఇరవై రెండేళ్లుగా ఈ ప్రోగ్రాం చూసుకుంటున్నాను. ఇంతకు ముందు కాగితం మీద ఎవరూ రాయలేదు. కంప్యూటర్లో రాసేవాళ్లలో కూడా ‘పనిచేస్తోంది’ అని రాసినవాళ్లు లేరు. చెడిపోతేనే రాస్తారు.

నోరీన్ రాసిన ముక్క చక్కగా ఉంటుంది. నాకు గుర్తే. అది ఎక్కడెక్కడ నడుస్తోందన్నది కొంచెం చిక్కు ప్రశ్న. తీరిగ్గా రాస్తాను. ఒక్క సంగతి చెప్పండి: మీ ఏడు పెట్టెలూ తొమ్మిదేళ్ల నాటివేనా? మధ్యలో మార్చలేదా?

హాలిస్ బ్రాండ్‌వోల్డ్


స్క్రాగ్ దీవి
డిసెంబరు 2

హాలిస్ గారూ,

మార్చడమా! ఏడుకి ఏడూ అవే. చేసిన కంపెనీ మూతపడింది కానీ పెట్టెలు మూతపడలేదు. ప్రతి మార్చిలోనూ మా ఊరి సభలో ‘కొత్త పెట్టెలు కొందామా’ అని నోరీన్ ఒక తీర్మానం పెడుతుంది. ప్రతి మార్చిలోనూ ‘నడుస్తోంది కదా’ అని ఊరంతా చేతులెత్తి పడగొడుతుంది. నేనూ ఎత్తాను, తొమ్మిదిసార్లు. పనిచేసే దాన్ని పారేసే వంశం కాదు మాది. మా నాన్న పెట్టుడు పళ్లు మా బాబాయి వాడాడు.

మొన్న శనివారం చర్చి నేలమాళిగలో బీన్స్ విందు జరిగింది. పెట్టెల బాగోగులు నోరీన్‌వే, ఆ పూట స్తంభమెక్కి ఉంది, గాలివాన కదా. ఇదే అదనని నేను లేచి, దాని చెవిన వేయొద్దని అందరి దగ్గరా మాట తీసుకుని, కాగితం చదివి వినిపించాను. దుకాణం లర్వీ ఊరుకుంటాడా?

‘‘ఒరే వెర్లిన్, చదివావు సరే. అందులో ఒక్క ముక్కయినా నీకు అర్థమైందా?’’

‘‘అయింది. కెర్నెల్ అంటే ఆ పెట్టె గుండెకాయ. గుండె పాతదైతే ప్రోగ్రాంలో రాసిన ఈ వరుసలు, కొత్తదైతే ఆ వరుసలు. నీ పడవకు పాత ఇంజను, నా పడవకు కొత్తది అనుకో. రెండు బెల్టులూ ఒకే డబ్బాలో వస్తాయి. ఎవరికి సరిపడేది వాళ్లు బిగించుకుంటారు.’’

‘‘మరి రెండోది?’’

‘‘రెండోది డబ్బాలోనే పడుంటుంది.’’

‘‘అయితే మీ అమ్మాయిది పడుండే బెల్టా, బిగించే బెల్టా?’’

జనం ఒకటే నవ్వు. వాడికి అసూయ. వాళ్లబ్బాయి పేరు ఎక్కడా అచ్చయింది లేదు, పోలీసు కాగితం మీద తప్ప. ఇంతకీ వాడి నోరు మూయించాలి, ప్రపంచంలో ఎన్ని పెట్టెల్లో నోరీన్ ముక్క నడుస్తోందో ఒక అంకె రాసి పంపండి. ఉజ్జాయింపుగా చాలు. లక్షల్లో ఉన్నా పర్వాలేదు.

మీ
వెర్లిన్


డులూత్
డిసెంబరు 19

థర్లో గారికి,

అంకె ఏడు.

పది రోజులుగా ఈ ఉత్తరం రాయడానికి కూర్చుంటున్నాను, లేస్తున్నాను. దాచడం నావల్ల కాదు కాబట్టి వరసగా చెప్పేస్తాను.

మీరు లర్వీ గారికి చెప్పిన బెల్టుల లెక్క నేను విన్నవాటిలోకెల్లా మంచి వివరణ. ప్రోగ్రాంని యంత్రానికి తగ్గట్టు తయారు చేసేటప్పుడు పాత కెర్నెల్ ఉంటేనే నోరీన్ వరుసలు లోపలికి వెళ్తాయి. కొత్తదైతే వాటిని ముట్టుకోకుండా దాటేస్తుంది. ప్రపంచమంతా ఆ వరుసలు మోస్తోంది. వాడేది ఎవరూ లేరు, మీరు తప్ప. లర్వీ గారి ప్రశ్నకు జవాబు: మీ ఊళ్లో బిగించే బెల్టు, మిగతా అన్ని చోట్లా పడుండే బెల్టు.

రెండో సంగతి. అలాంటి పాత వరుసలు పదకొండు వందలకు పైగా పేరుకుపోయాయి. కొత్తది ఏం చేర్చాలన్నా ముందు వాటిని ఒప్పించాలి. తీసేద్దామని సెప్టెంబరు రెండున అందరికీ ఉత్తరం పెట్టాను: ‘ఈ పాత కెర్నెల్ ఎవరైనా వాడుతున్నారా? అరవై రోజుల్లో చెప్పండి, చెప్పకపోతే తీసేస్తాను.’ మాలో ఆనవాయితీ అదే. మౌనమంటే ఎవరూ లేరని అర్థం. అరవై రోజులూ ఒక్కరు పలకలేదు. గడువు దాటిన రెండో రోజున మీరు ఆనందంతో కలం పట్టారు.

ఇంకా తీయలేదు. ఒక్క మనిషి ‘నేను వాడుతున్నాను’ అంటే ఉంచాలి, అదీ ఆనవాయితీయే. అంటారా?

ఒక్కటి మాత్రం నాకు అంతుపట్టడం లేదు. ఆ ప్రశ్న నోరీన్‌కి పేరుపేరునా వెళ్లింది. ఆవిడ ఎందుకు పలకలేదు?

హాలిస్


స్క్రాగ్ దీవి
జనవరి 6

హాలిస్ బాబూ,

ఇకపై నిన్ను మీరు అనలేను, కోప్పడకు. ఏడు అని చదివి ముందు నీరుగారిపోయాను. కాఫీ తాగాను. మళ్లీ చదివాను. అప్పుడు తట్టింది, కుర్చీలోంచి ఎగిరినంత పని చేశాను! ఒరేయ్ నాయనా, లక్షల మందికి పనికొచ్చేది లక్షల మంది మోస్తే అందులో గొప్పేముంది? మా ఏడు పెట్టెల కోసం ప్రపంచమంతా తొమ్మిదేళ్లు మోసిందా! జపాన్‌లో మోశారా? బ్రెజిల్లో మోశారా? మా స్క్రాగ్ దీవి పేరు పలకడం కూడా రానివాళ్లు, మా లర్వీ గాడికి పడవ వేళ తెలియడం కోసం!

అంటాను, వంద సార్లంటాను. మేం వాడుతున్నాం. ఇదిగో, లర్వీ దుకాణం గల్లా బల్ల మీద కాగితం పెట్టి చలికాలం ఇక్కడుండే వాళ్లందరి చేతా సంతకాలు పెట్టించాను. నోరీన్ తప్ప ముప్పై తొమ్మిది మంది. నలభయ్యోది లర్వీ కుక్క పాదం. వద్దన్నా వాడు వినలేదు.

నోరీన్ ఎందుకు పలకలేదంటావా? సిగ్గు. చిన్నప్పటి నుంచీ అంతే. బహుమతిస్తామని పిలిచినా వేదిక ఎక్కేది కాదు. తీసేస్తామంటే లోపల ఎంత కుమిలిందో పిచ్చితల్లి! పుట్టినరోజు నాటికి ఈ శుభవార్త దాని చేతిలో పెడతాను.

మీ ఊరి చలికి మందు చెప్పనా? ఉన్ని మేజోళ్లు రెండు జతలు, ఒకదాని మీద ఒకటి.

వెర్లిన్


డులూత్
జనవరి 22

వెర్లిన్ గారూ,

ఉంచాను. మీ ఉత్తరం టైపు చేసి అందరికీ పంపాను. సంతకాలతో సహా, కుక్కది మినహా. కొందరు మురిసిపోయారు. ఇద్దరు తిట్టారు. వరుసలు తీసేయడం సులువు, ఉంచడమే పని. కొత్త ప్రోగ్రాంకి పాత కెర్నెల్‌ని ఇమడ్చడానికి మూడు ఆదివారాలు పట్టేట్టుంది. రెండు అయ్యాయి. దీనికి నాకెవరూ జీతమివ్వరు కాబట్టి ఎవరినీ అనడానికి లేదు.

ఒక పొరపాటు చేశాను. ‘అందరికీ’ అంటే అందులో నోరీన్ కూడా ఉంటుందని మీ గుట్టు గుర్తొచ్చేసరికి పంపడం అయిపోయింది. ఆవిడ దగ్గరి నుంచి ఒక్క వాక్యం జవాబొచ్చింది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

‘హాలిస్, ఉంచినందుకు థాంక్స్. మిగతాది మా నాన్న మీకు వివరిస్తాడు, నేను ఆయనకు వివరించాక.’

క్షేమమా?

హాలిస్


స్క్రాగ్ దీవి
ఫిబ్రవరి 1

హాలిస్,

క్షేమమే. బంగాళాదుంపల చారు వడ్డించే గరిటె నోరీన్ చేతిలోనే ఉంది కానీ నా మీద పడలేదు.

నేను చల్లగా ‘‘ఏమ్మా, ఏమిటి విశేషం?’’ అన్నాను.

‘‘నాన్నా, నేను ఎందుకు పలకలేదనుకున్నావు?’’

‘‘సిగ్గుపడి.’’

‘‘సిగ్గా! అరవై రోజులు నాలుక కరుచుకుని కూచున్నాను. రోజుకు నాలుగుసార్లు ఆ ఉత్తరాల పెట్టె తెరిచి, ఇవాళా ఎవడూ పలకలేదు కదా అని దండం పెట్టుకున్నాను. ఆ వరుసలు పోతేనే ఈ ఊరు కొత్త పెట్టెలు కొంటుంది. ‘నడుస్తోంది కదా’ అనడానికి నోరుండదు. మార్చి సభలో ఈసారి ఆ మాటే చెబుదామనుకున్నాను. ఇంకా ఐదు వారాలు. నువ్వేమో ఊరందరి చేతా సంతకాలు పెట్టించి నడిపించావు.’’

‘‘కుక్కది లెక్కలోకి రాలేదు,’’ అన్నాను. అనకుండా ఉండాల్సింది.

అప్పుడు గరిటె దింపి చెయ్యి చూపించింది. కుడి అరచేయి. స్తంభాల మేకులు పట్టుకుని పట్టుకుని కాయలు కాశాయి, నా చెయ్యిలాగే. గాలివాన వస్తే అందరం కిటికీలు మూసుకుంటాం, అది తెల్లారుతూనే బూట్లు తొడుక్కుంటుంది. తొమ్మిదేళ్లు. నాకు కనబడక కాదు. పనిమంతురాలు అని మురిసిపోయి చూశాను. మురిసిపోతే అడగాల్సింది గుర్తురాదు బాబూ.

‘‘నాకు నలభై మూడొచ్చాయి,’’ అంది. ‘‘పాత పెట్టె ఒకటి పోతే దాని జత దొరకదు. కొత్తది తెస్తే మిగతా ఆరింటితో కలవదు. ఆ రోజు అందరూ నన్నే అడుగుతారు. ఆ రోజు ఎప్పుడొస్తుందా అని తొమ్మిదేళ్లుగా నిద్రలో కూడా చెవి తెరిచి పడుకుంటున్నాను.’’

హాలిస్, మళ్లీ తీసేయగలవా? నేను రాసింది వెనక్కి తీసుకుంటాను.

వెర్లిన్


డులూత్
ఫిబ్రవరి 14

వెర్లిన్ గారూ,

మీరొక్కరు వెనక్కి తీసుకుంటే చాలదు. మిగతా ముప్పై ఎనిమిది మంది వాడుతున్నామనే అంటున్నారు. వాడేవాళ్లు ఉన్నారని తెలిసీ తీసేస్తే రేపు నా మాట ఎవరూ నమ్మరు. సంతకాలు అంత బాగా సేకరించకుండా ఉండాల్సింది మీరు.

ఊరు మొత్తం ‘ఇక వాడం’ అని రాసివ్వాలి. ఊరు మొత్తం ఒక మాట అనేది ఏడాదికోసారి సభలోనే అని మీరే రాశారు.

నాదీ ఒక తప్పు ఉంది. నోరీన్‌కి పేరు పెట్టి ప్రశ్న పంపాను. ఆవిడ పలకకపోతే, ఫోన్ చేసి ‘ఎందుకమ్మా’ అని అడగలేదు. మౌనానికి ఒకటే అర్థం అనుకున్నాను. మాకది సుఖం.

మూడో ఆదివారం కూడా అయింది. మీ ఏడు పెట్టెలూ కొత్త ప్రోగ్రాంతో బ్రహ్మాండంగా నడుస్తాయి. క్షమించండి.

హాలిస్


స్క్రాగ్ దీవి
మార్చి 10

హాలిస్ బాబూ,

మెతుకు కూడా ముట్టకుండా రాస్తున్నాను, విను!

సభ బడిలోనే జరిగింది. పిల్లల కుర్చీల్లో పెద్దవాళ్లం మోకాళ్లు గడ్డానికి తగిలించుకుని కూచున్నాం. పదకొండో అంశం, కొత్త పెట్టెలు. నోరీన్ లేచి చెప్పాల్సింది చెప్పింది: తుప్పు, జత దొరకకపోవడం, స్తంభాలు. అందరూ తలలూపారు. ఏటా ఊపుతారు. లర్వీ లేచాడు.

‘‘అమ్మా నోరీన్, నీ కష్టం మాకు తెలియంది కాదు. కానీ, నడుస్తోంది కదా?’’

చేతులు లేవబోతున్నాయి. అప్పుడు నేను లేచాను. మోకాళ్లు పిల్లల బల్ల కింద ఇరుక్కుని, బల్లతో సహా లేచాను.

‘‘నడుస్తోంది,’’ అన్నాను. ‘‘ఎవరు నడుపుతున్నారో కూడా వినండి.’’ నీ ఉత్తరాలు చదివాను. మూడు ఆదివారాలు, జీతం లేదు, ఇద్దరు తిట్టారు, అన్నీ.

లేవబోయిన చేతులు దిగాయి.

‘‘మిన్నెసోటాలో?’’ అన్నాడు లర్వీ.

‘‘మిన్నెసోటాలో.’’

‘‘మనకేమవుతాడు?’’

‘‘ఏమీ కాడు.’’

‘‘మూడు ఆదివారాలా!’’

వాడి మొహం కందగడ్డయింది. మా దీవిలో పక్కింటివాడు ఒక గంపెడు కట్టెలు ఊరికే ఇస్తే మర్నాడు అతని గుమ్మంలో రెండు గంపలు పెట్టేదాకా నిద్రపట్టదు. పరాయి రాష్ట్రం మనిషి చేత ఊరికే చాకిరీ చేయించుకుంటున్నామంటే ఇంకేమైనా ఉందా! వెనక నుంచి ఒక ముసలమ్మ ‘‘ఛీ ఛీ, సిగ్గుచేటు’’ అంది. లర్వీ తనే ఓటు పెట్టించాడు. ముప్పై ఆరు అవును, మూడు కాదు. ఆ ముగ్గురిలో ఒకడు చెవిటివాడు, పన్నెండో అంశం అనుకున్నాడట. ‘ఇక వాడం’ అని గుమస్తా అక్కడికక్కడే రాసిచ్చాడు, ఇందులో పెట్టాను.

ఇంటికి నడుస్తుంటే నోరీన్ నా చెయ్యి పట్టుకుంది. కాస్త దూరం పోయాక అంది: ‘‘నాన్నా, నా తొమ్మిదేళ్లు కళ్ల ముందే ఉన్నాయి, ఎవరి కంటికీ ఆనలేదు. ఆయన మూడు ఆదివారాలు వెయ్యి మైళ్ల అవతల ఉన్నాయి, అందరికీ కనబడ్డాయి.’’

నిజమే. నాకూ కనబడలేదు కదా. ఆ అరచేతి కాయలు నా చేతికి గుచ్చుకుంటుంటే ఇల్లు చేరాం. 

వెర్లిన్


డులూత్
ఏప్రిల్ 18

వెర్లిన్ గారూ,

తీసేశాం. పదకొండు వందల అరవై మూడు వరుసలు. కొత్త పెట్టెలు బిగించేదాకా మీ పాతవి పాత ప్రోగ్రాంతోనే లాగిస్తాయి. తీసే పని నేనే చేద్దామనుకుంటే నోరీన్ ముందే చేసి పంపేసింది. ఒక్క తప్పు లేదు. తన పేరున్న వరుస మిగతావాటి కన్నా ముందు తీసింది. నా మూడు ఆదివారాల పనీ అందులోనే పోయింది. మూడు నెలలు కూడా నిండలేదు దానికి. పోతుంటే చూసి ఇంత హాయిగా నేనెప్పుడూ నవ్వలేదు.

తొమ్మిదేళ్ల తర్వాత ఇప్పుడు మీ అమ్మాయి రాసింది నిజంగానే ప్రపంచమంతటా నడుస్తోంది. ఆ వరుసలున్న చోట ఇప్పుడు ఏమీ లేదు, ఆ ఖాళీయే ఆవిడ రాసింది. లర్వీ గారికి ఎలా వివరిస్తారో మీ ఇష్టం.

నిన్న పోస్టులో ఒక పెద్ద డబ్బా వచ్చింది. మీ ఊరి నుంచి. ఐసులో పెట్టిన లాబ్‌స్టర్లు, ఆరు. ఇంత అక్కర్లేదు.

హాలిస్


స్క్రాగ్ దీవి
మే 23

హాలిస్ బాబూ,

ఆరేమిటి, ఆదివారానికి రెండు చొప్పున. లర్వీ లెక్క. అక్కర్లేదంటే ఇంకో ఆరు పంపుతాడు, మాట్లాడకుండా తిను.

కొత్త పెట్టెలు ఏడూ బిగించారు. నిన్న సాయంత్రం పెద్ద గాలివాన మొదలైంది. ఇవాళ తెల్లారుతూనే నోరీన్ అలవాటు కొద్దీ లేచి బూట్లు తొడుక్కుని తలుపు దాకా వెళ్లింది. కిటికీలోంచి చూస్తే పెట్టె మీద పచ్చ దీపం కదలకుండా వెలుగుతోంది. కాసేపు అలాగే నిలబడింది. ఏం చెయ్యాలో తెలియనట్టు నా వైపు చూసింది.

‘‘వెళ్లి పడుకో,’’ అన్నాను.

‘‘పగలా?’’

‘‘పగలే.’’

బూట్లు విప్పింది. ఇప్పుడు టైము తొమ్మిదిన్నర, ఇంకా లేవలేదు. ఇలా తొమ్మిదిన్నర దాకా పడుకోవడం దాని పసితనం తర్వాత నేను చూడలేదు. నాకు ఎంత ఆనందంగా ఉందంటే లేచి గంతులేయాలనుంది, కానీ కింద చెక్కలు కిర్రుమంటాయి. అందుకే కదలకుండా కూచుని నీకు రాస్తున్నాను.

ఇంతలో లర్వీ తలుపు దబదబా బాదాడు. పరుగున వెళ్లి వాడి నోరు మూశాను.

‘‘ఏం కొంప మునిగింది? ఏం ఆగిపోయింది?’’

‘‘ఏమీ ఆగలేదు. ఇంత గాలిలో కూడా అన్నీ నడుస్తున్నాయి. ఆ మాట నోరీన్‌కి చెప్పి పోదామని వచ్చాను.’’

తొమ్మిదేళ్లలో ఆ మాట చెప్పడానికి మా గడప తొక్కినవాడు వాడొక్కడే. అయినా లోపలికి రానివ్వలేదు. నడుస్తోందని చెప్పడానికి అమ్మాయిని లేపనక్కర్లేదు, అంత చెప్పాలని ఉంటే డులూత్‌కి ఉత్తరం రాసుకో అని నీ చిరునామా ఇచ్చి పంపాను. వాడి అక్షరాలు ఎలా ఉంటాయో తలుచుకుంటే నీ మీద జాలేస్తోంది. కానీ రాస్తాడు, చూసుకో.

వెర్లిన్